మీరడిగేరు, చెప్తున్నా: ‘ఆడవాళ్ళు’ అంటే సరిపోదా?

పోయిన సంచికలో గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష గురించి రాస్తూ "30 దాటిన ఆడవాళ్ళు, అలాగే గర్భసంచి ఉన్న ఇంకెవరైనా" అని ఒక ముక్క రాసేను. పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంతవుద్ది అని అడిగినవాళ్ళు తక్కువ, ఆ "ఇంకెవరైనా" ఎవరండీ అని అడిగినవాళ్ళు ఎక్కువ, కొందరైతే గట్టిగానే కోప్పడ్డారు. సరే, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేద్దాం. ఊళ్ళ పేర్లు ఉంచేం, మనుషుల పేర్లు తీసేసేం.

ప్రశ్న: డాక్టరుగారూ, నేను రిటైరైన తెలుగు టీచర్ని. మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటది, ఇప్పుడు ఏడో నెల. అక్కడ ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితాల్లో తల్లి అన్న మాట పక్కన ‘బర్తింగ్ పేరెంట్’ (బిడ్డని కనే పేరెంట్) అని కూడా ఉందంట. అల్లుడుగారు నవ్వేసి ఊరుకున్నారు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది. తొమ్మిది నెలలు మోసి కనేదాన్ని అమ్మ అనడానిక్కూడా మొహమాటమా? మీ పత్రిక కూడా ఆ దారే పట్టిందా? – రామచంద్రపురం

జవాబు: టీచరుగారూ, ‘పక్కన’ అని మీరే రాసేరు చూడండి, అసలు సంగతంతా అందులోనే ఉంది. అమ్మని కొట్టేసి దాని మీద ఇంకోటి రాయలేదు, పక్కన ఇంకోటి చేర్చేరు. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండులోనే బ్రైటన్, ససెక్స్ ఆసుపత్రుల ట్రస్టు వాళ్ళు పురుళ్ళ విభాగానికి ఇలాంటి సూచనలే ఇచ్చేరు, మదర్స్ అన్నచోట ‘మదర్స్ ఆర్ బర్తింగ్ పేరెంట్స్’ (తల్లులు లేదా బిడ్డని కనే పేరెంట్లు) అనండి, పాలివ్వడం గురించి చెప్పేటప్పుడు ‘చెస్ట్‌ఫీడింగ్’ (ఛాతీ నుంచి పాలివ్వడం) అన్న మాట కూడా కలపండి అని. పాత మాటలు మానేయమనలేదు, కొత్తవి కలపమన్నారు అంతే. కానీ కొన్ని పేపర్లు ఇకమీదట నర్సులు బ్రెస్ట్‌ఫీడింగ్ అనకూడదంట అన్నట్టుగా వేసేసరికి గొడవ ప్రపంచమంతా తిరిగి మన రామచంద్రపురం దాకా వచ్చింది.

అలాగని మీ కోపం ఉత్తిదేనని నేను అనను. అదే ఏడాది సెప్టెంబర్లో లాన్సెట్ అని డాక్టర్లందరూ చదివే పెద్ద మెడికల్ పత్రిక కవర్ మీద ఒక వాక్యం వేసింది, యోని ఉన్న శరీరాల నిర్మాణాన్నీ పనితీరునీ చరిత్రలో నిర్లక్ష్యం చేశారు అని. ఎవర్ని నిర్లక్ష్యం చేశారని బాధపడుతున్నారో వాళ్ళ పేరే ఆ వాక్యంలో లేదు! ఆడవాళ్ళు మండిపడ్డారు, అందులో డాక్టర్లు కూడా ఉన్నారు, ఎడిటర్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ తర్వాత 2022లో కార్లీన్ గ్రిబుల్ అనే పరిశోధకురాలు ఇంకొందరితో కలిసి ఒక వ్యాసం రాసేరు, గర్భం, పురుడు, పాలివ్వడం లాంటి చోట తల్లి, ఆడది అన్న మాటలు తీసేస్తే అర్థం దెబ్బతింటుంది, చదువు తక్కువున్నవాళ్ళకీ ఆ భాష సరిగ్గా రానివాళ్ళకీ అసలు చేరదు, మనిషిని అవయవంగా చూసినట్టు అవుతుంది అని. ఇది నాకు చాలా సబబుగా అనిపించే మాట. ‘పేరెంట్’ అంటే తండ్రి కూడా అవుతాడు కదా, మరి ఐరన్ మాత్రలు ఎవరు మింగాలి?

అయితే రెండో వైపు కూడా వినండి. ఇంగ్లండులో ఆడపిల్లగా పుట్టి మగవాడిగా మారి (ట్రాన్స్ మగవాళ్ళంటారు), ఆసుపత్రి రికార్డుల్లో ‘మేల్’ అని రాయించుకున్నవాళ్ళకి గర్భసంచి మూతి పరీక్షకి రమ్మనే ఉత్తరం దానంతటది రాదు, ఎందుకంటే కంప్యూటరు మేల్ అని చూసి వదిలేస్తుంది. లోపల ఆ అవయవం అలాగే ఉంది, క్యాన్సర్ వచ్చే వీలూ అలాగే ఉంది, పిలుపు మాత్రం లేదు. నేను "ఇంకెవరైనా" అని రాసింది వీళ్ళ కోసం. కాబట్టి చేర్చడం వరకూ నేను ఒప్పుకుంటా, తీసెయ్యడం మాత్రం ఒప్పుకోను. మీ అమ్మాయిని అక్కడ నర్సమ్మతో "నన్ను మదర్ అనే అనండి" అని ఒక్క ముక్క చెప్పమనండి. ఎవరి మాట వాళ్ళకి వాడాలన్నదే ఆ పద్ధతి ఉద్దేశం, మీ అమ్మాయికీ అది వర్తిస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను ఆశా కార్యకర్తని. లేసు అల్లికలు చేసుకునే ఆడవాళ్ళ దగ్గరా, రొయ్యల షెడ్లకి వెళ్ళేవాళ్ళ దగ్గరా క్యాన్సర్ పరీక్షల గురించి చెప్పాలి. ‘గర్భాశయ ముఖద్వారం’ అంటే మొహమొహాలు చూసుకుంటారు, ‘ఆడవాళ్ళ పరీక్ష’ అంటే "మాకు గర్భసంచి ఆపరేషనైపోయింది, ఇంక మేం ఏం ఆడవాళ్ళం" అని నవ్వేస్తారు. మీరేమో గర్భసంచి ఉన్నవాళ్ళు అని రాసేరు, అది చదివి మా పక్కింటావిడ నాకు లేదుగా, నాకు అక్కర్లేదు అనేసింది. ఎలా చెప్పమంటారు? – నరసాపురం దగ్గర పల్లె

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో నన్ను బాగా ఆలోచనలో పెట్టింది నీ ఉత్తరమే. ఇంగ్లండు గొడవ ఇంగ్లండుది, మన గోదావరి డెల్టాలో గొడవ ఇది.

లెక్కలు చూడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో చేసినప్పుడు 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు ఉంటే మన ఆంధ్రాలో దగ్గర దగ్గర 9 మంది ఉన్నారు. దేశంలోకెల్లా మనదే ఎక్కువ. అది కూడా ముసలితనంలో కాదు, చాలామందికి 40 నిండకుండానే. ఎందుకో నీకు నేను చెప్పాలా, తెల్లబట్టవుతోందని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే "గర్భసంచికి పుండు పడిందమ్మా, ఉంచుకుంటే క్యాన్సరే" అంటాడు, పిల్లలు పుట్టేసేరు, ఇంకెందుకది, నెలనెలా ఆ బాధెందుకు, కూలికి పోవడానికి అడ్డం కూడానూ అని ఇంట్లోవాళ్ళంటారు, ఆవిడా సరేనంటుంది. తెల్లబట్ట అయిన ప్రతిదీ క్యాన్సర్ కాదు, చాలా వరకు మందులతో పోయే ఇన్‌ఫెక్షనే అని చెప్పేవాడు మధ్యలో ఎవడూ ఉండడు.

ఇప్పుడు నీ పక్కింటావిడ సంగతి. గర్భసంచి తీసేశారు అన్నంత మాత్రాన అంతా తీసేసినట్టు కాదు. కొందరికి సంచి, మూతి రెండూ తీసేస్తారు, దాన్ని టోటల్ అంటారు. కొందరికి సంచి తీసి మూతి ఉంచేస్తారు, అది సబ్‌టోటల్. అండాశయాలు కొందరికి ఉంచుతారు, కొందరికి తీసేస్తారు. మూతి ఉండిపోతే పరీక్ష మామూలుగానే చేయించుకోవాలి. మూతి కూడా తీసేసి, అంతకుముందు క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ లేకపోతే ఆ పరీక్ష అక్కర్లేదు. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి వయసు మీద పడి ఆగినట్టే, ఎముకలు తొందరగా గుల్లబారతాయి, దానికి వేరే జాగ్రత్తలున్నాయి. ఆవిడ్ని బీరువాలోంచి డిశ్చార్జి కాగితం తీయమను, అందులో ఏం తీశారో రాసి ఉంటుంది. కాగితం లేకపోతే డాక్టరు ఒకసారి చూస్తే మూతి ఉందో లేదో తెలిసిపోతుంది, దానికి పెద్ద స్కాన్ కూడా అక్కర్లేదు.

కాబట్టి నువ్వు షెడ్డు దగ్గర చెప్పేటప్పుడు నా వాక్యం వద్దు, ఇలా చెప్పు: "30 దాటిన ఆడవాళ్ళందరూ రండి, గర్భసంచి ఆపరేషనైనవాళ్ళు కూడా రండి, మీకు పరీక్ష కావాలో అక్కర్లేదో డాక్టరు చెప్తారు." ముందు ‘ఆడవాళ్ళు’ అని పిలిస్తేనే తలెత్తి చూస్తారు, ఆ తర్వాత అవయవం పేరు చెప్తేనే ఎందుకో తెలుస్తుంది, రెండూ కావాలి. ముఖద్వారం అనకు, గర్భసంచి మూతి అను, నీ చేతిలో నీళ్ళ చెంబుంటే తిరగేసి దాని మూతి చూపించు, అర్థమైపోద్ది. వేలు పెట్టి చూస్తారా, నొప్పా అని అడుగుతారు, పలచటి యాసిటిక్ యాసిడ్ పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లగా మచ్చ తేలితే పెద్దాసుపత్రికి పంపిస్తారు, కోత లేదు, మత్తు లేదు అని చెప్పు. మన జాతీయ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకి అయిదేళ్ళకోసారి చెయ్యాలని ఉంది. ఉందే గానీ 2019-21 సర్వేలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా తేలలేదు. ఏడాదికి లక్షా ఇరవై వేలకి పైగా కొత్త కేసులొచ్చే దేశంలో ఇదీ పరిస్థితి.

"మేం ఏం ఆడవాళ్ళం" అన్నారని రాసేవు చూడు, అది నవ్వుతూ అన్నా దానికి మాత్రం నవ్వి ఊరుకోకు. సంచి తీసేసినంత మాత్రాన ఆడతనం పోదని ఎవరో ఒకరు వాళ్ళకి గట్టిగా చెప్పాలి. అవయవంతోనే ఆడదాన్ని కొలిస్తే మన దగ్గర నూటికి తొమ్మిది మందిని లెక్కలోంచి తీసెయ్యాలి!

ప్రశ్న: మా నాన్నగారికి 62. ఎడమ రొమ్ము మొన కింద గట్టిగా కాయలా ఉంది, మొన లోపలికి లాగేసినట్టయింది. రొమ్ము క్యాన్సర్ వార్డు అంటే ఆడవాళ్ళ వార్డు, నేనెళ్ళనంటున్నారు. ఆయనకి నొప్పి కూడా లేదు. – పాలకొల్లు

జవాబు: బాబూ, నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళకే వస్తుంది, మగవాళ్ళు సిగ్గుపడి ఆలస్యంగా వస్తారు కాబట్టి ముదిరిపోయాక బయటపడుతుంది. ‘ఆడవాళ్ళ జబ్బు’ అని బోర్డు కట్టేస్తే ఎవరికి నష్టమో చూడండి, ఇక్కడ ట్రాన్స్ లేదు ఫారిన్ లేదు, పంచె కట్టుకున్న మీ నాన్నగారే. జనరల్ సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి, మామోగ్రామ్ మగవాళ్ళకీ చేస్తారు, సూది పరీక్ష చేస్తారు. ఆయనతో ఛాతీలో గడ్డ అని చెప్పండి, ఆ మాటకి వస్తానంటే అదే అనండి, తప్పేం లేదు. ఈ వారం దాటనివ్వకండి. క్యాన్సర్ అని తేలితే మాత్రం మీ అక్కచెల్లెళ్ళ గురించి కూడా డాక్టర్ని అడగండి, కొన్నిసార్లు వంశంలో వచ్చే జన్యువు వల్ల ఉంటుంది.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. మా రెండోది హైదరాబాద్‌లో ఉద్యోగం, మూడేళ్ళ నుంచీ మగపిల్లాడిలాగే ఉంటోంది, పేరు కూడా మార్చుకుంది, గడ్డం వస్తోంది, ఇంజెక్షన్లు తీసుకుంటాడంట. ఈమధ్య మళ్ళీ రక్తం కనపడుతోందంట, కడుపులో నొప్పంట. ఆడాళ్ళ ఆసుపత్రిలో లైన్లో కూర్చోలేనమ్మా అని ఏడుస్తున్నాడు. కోప్పడనా, బతిమాలనా? – మండపేట

జవాబు: అమ్మా, మీరు ఒకే ఉత్తరంలో ‘ఉంటోంది’ అన్నారు, ‘ఏడుస్తున్నాడు’ అన్నారు. ఆ తడబాటు గురించి మీరు సిగ్గుపడక్కర్లేదు, మెల్లిగా అలవాటవుతుంది. ముందు ఆరోగ్యం చూద్దాం.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే కొన్ని నెలల్లో నెలసరి ఆగిపోవడం మామూలే. ఆగిపోయింది మళ్ళీ కనపడిందంటే డోసు తప్పి ఉండొచ్చు, గర్భసంచిలో పొర సంగతి చూడాల్సి ఉండొచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గర్భం కూడా కావచ్చు. చివరిది చదివి ఉలిక్కిపడకండి, ఆ ఇంజెక్షన్ గర్భం రాకుండా ఆపే మందు కాదు, నెలసరి ఆగినా గర్భం వచ్చే వీలుంది. కాబట్టి ఇది ఫోన్లో తేలేది కాదు, రక్త పరీక్ష, స్కాన్ చేయించాలి. నొప్పి ఎక్కువైనా, కళ్ళు తిరిగినా రాత్రి పగలు చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళమనండి.

వెళ్ళినప్పుడు ఒక మాట తప్పనిసరిగా చెప్పమనండి, "నాకు గర్భసంచి, అండాశయాలు ఉన్నాయి, టెస్టోస్టిరాన్ తీసుకుంటున్నాను" అని. ఎందుకంటారా? 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా కేసు ఒకటి వచ్చింది. 32 ఏళ్ళ ట్రాన్స్ మగమనిషి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్ళాడు, రికార్డులో మగ అని ఉంది, బీపీ ఎక్కువుంది. ఇంట్లో చేసుకున్న పరీక్షలో గర్భం అని వచ్చిందని అతనే చెప్పినా నర్సు దాన్ని అంత తొందరగా చూడాల్సిన సంగతి అనుకోలేదు. కొన్ని గంటల తర్వాత చూసేసరికి బొడ్డుతాడు జారిపోయి ఉంది, బిడ్డ దక్కలేదు. అక్కడెవరూ అతన్ని తిట్టలేదు, తరిమెయ్యలేదు, గడిలో మగ అని ఉంది కాబట్టి బుర్ర గర్భం వైపు పోలేదు అంతే. మర్యాదగా పిలవడం ఒకటి, లోపల ఏముందో గుర్తు పెట్టుకోవడం ఇంకొకటి, ఒకదాని కోసం ఇంకోటి వదిలేస్తే ఇలాగే అవుతుంది.

లైన్లో కూర్చోలేనన్నది మొండితనం కాదమ్మా, గడ్డం ఉన్న మనిషి గైనిక్ ఓపీలో కూర్చుంటే పదిమంది చూపులు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. ముందే ఫోన్ చేసి సంగతి చెప్పి పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగమనండి, లేదా ఇంజెక్షన్లు రాసే హార్మోన్ డాక్టరు చేతే గైనకాలజిస్టుకి చీటీ రాయించుకోమనండి. వీలైతే మీరు వెళ్ళి పక్కన కూర్చోండి. "మీ అబ్బాయా?" అని ఎవరైనా అడిగితే అవునండి అనేయండి, అక్కడ అంతకన్నా వివరం ఎవరికీ బాకీ లేరు.

ఇది మన దేశంలో కొత్తా కాదు. 2014లో సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్ళు చెప్పుకునే హక్కుందని నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. 2022 సెప్టెంబర్లో గర్భస్రావం హక్కు మీద తీర్పిస్తూ, మేము ‘స్త్రీ’ అంటున్నప్పుడు ఆ అవసరం పడే మిగతావాళ్ళని కూడా కలిపే అంటున్నాం అని రాసింది. గమనించండి, స్త్రీ అన్న మాట తీసెయ్యలేదు, దాన్నే కాస్త వెడల్పు చేసింది. 2024లో ఇంకో తీర్పులో ‘గర్భం ధరించిన వ్యక్తి’ అని వాడింది. 2023 ఫిబ్రవరిలో కేరళలో కోళికోడ్ మెడికల్ కాలేజీలో ఒక ట్రాన్స్ మగమనిషి బిడ్డని కన్నాడు, తర్వాత బర్త్ సర్టిఫికెట్లో తల్లి, తండ్రి అని విడివిడిగా కాకుండా తల్లిదండ్రులు అని కలిపి రాయమని 2025లో అక్కడి హైకోర్టు చెప్పింది.

ప్రశ్న: మేడమ్, నర్సింగ్ మూడో సంవత్సరం. కాలేజీలో డిబేట్ ఉంది, ‘అందరినీ కలిపే భాష వల్ల స్త్రీల ఆరోగ్యానికి నష్టమే’ అన్న అంశం, నాకు ‘నష్టమే’ అనే వైపు వచ్చింది. పాయింట్లు ఇవ్వరూ? – కాకినాడ

జవాబు: పాయింట్లా, ఇస్తా గానీ ఇంకోవైపు అమ్మాయి కూడా ఇది చదువుద్ది, జాగ్రత్త.

నీకు గట్టి పాయింట్ ఇది. మందుల ప్రయోగాల్లో ఆడవాళ్ళని చాలాకాలం పక్కన పెట్టేరు. అమెరికాలో ఎఫ్‌డీఏ అని మందులకి అనుమతిచ్చే సంస్థ 1977లో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని మొదటి దశ ప్రయోగాల్లో వద్దంది, 1993లో గానీ అది ఎత్తెయ్యలేదు. ఫలితం ఏంటంటే జోల్పిడెమ్ అని నిద్రమాత్ర, ఏళ్ళ తరబడి ఇద్దరికీ ఒకే డోసు ఇచ్చేరు, ఆడవాళ్ళ ఒంట్లో అది పొద్దున్నదాకా ఉండిపోతోందని తెలిసి 2013లో వాళ్ళకి సగానికి తగ్గించమన్నారు. ఆడ, మగ అని విడిగా లెక్క రాయకపోతే ఇది దొరికేదే కాదు. అన్నీ ‘వ్యక్తులు’ అని కలిపేసి రాస్తే మళ్ళీ మొదటికొస్తాం. ఇంకోటి, 2021లో అమెరికా పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, చనిపోయిన జడ్జి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గర్భస్రావం మీద చెప్పిన మాటల్ని ట్వీట్ చేస్తూ ఆవిడ ‘స్త్రీ’ అన్నచోట బ్రాకెట్ పెట్టి ‘వ్యక్తి’ అని మార్చింది, తిట్లు తిని సారీ చెప్పింది. ఆవిడ జీవితమంతా పోరాడిందే ఆ మాట పక్షాన. ఇది స్టేజీ మీద బాగా పండుద్ది.

అవతలి వాళ్ళు మాత్రం నిన్ను ఒక్క ప్రశ్నతో ఇబ్బంది పెడతారు: ఇన్నేళ్ళు ‘ఆడవాళ్ళు’ అనే అన్నాం కదా, ఆ మాట ఉండి కూడా మందుల ప్రయోగాల్లో ఎందుకు లేరు, మన ఊళ్ళలో పరీక్షలకి ఎందుకు రాలేదు? దానికి జవాబు నువ్వే ఆలోచించుకో, ఇది నేను రాసిస్తే ప్రైజు నాకివ్వాలి.

ప్రశ్న: నాకు 34. కువైట్‌లో ఆరేళ్ళు చేసి వచ్చేసేను, ఆయన విడిచిపెట్టి వెళ్ళిపోయాడు, విడాకులు లేవు. తెల్లబట్ట బాగా అవుతోంది. ఆసుపత్రిలో చీటీ రాసేచోట గట్టిగా "భర్త పేరు?" అని అడుగుతారు, లోపల డాక్టరు "పెళ్ళయిందా, పిల్లలెంతమంది" అంటారు. దానికి భయపడే వెళ్ళట్లేదండి. మీరు ఎవరెవరినో కలుపుతున్నారు, మాలాంటివాళ్ళని ఎప్పుడు కలుపుతారు? – రాజోలు

జవాబు: బాగా అడిగేవమ్మా. డెల్టాలో ఈ భాష గొడవ ఎవరికి ఎక్కువ తగులుతుందంటే నీలాంటివాళ్ళకే: విడిచిపెట్టబడ్డవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, పెళ్ళికానివాళ్ళు. చీటీ రాసే గుమాస్తాలకీ డాక్టర్లకీ కూడా చెప్తున్నా, ‘భర్త పేరు’ బదులు ‘ఇంట్లో ఎవరి పేరు రాయమంటారు’ అని అడిగితే ఎవరి సొమ్మూ పోదు.

"పెళ్ళయిందా" అని డాక్టరు అడిగేది ఊరి కబురు కోసం కాదులే, మగమనిషితో కలయిక ఉందా లేదా తెలిస్తే గానీ లోపలి పరీక్షా, లోపలి స్కానూ ఎలా చెయ్యాలో తేలదు, అది నేరుగా అడగడానికి మొహమాటపడి పెళ్ళి పేరు పెడతారు. దాంతో పెళ్ళి కాని పిల్ల నిజం చెప్పలేదు, నీలాంటిదానికేమో ఏం చెప్పాలో తెలీదు. నువ్వే ముందు చెప్పేయ్, కలయిక ఉంటే ఉందనీ, ఇన్నేళ్ళుగా లేకపోతే లేదనీ, దాని మీద ఉపన్యాసం చెప్పే హక్కు ఎవరికీ లేదు. చట్టం కూడా మారింది, 2021లో గర్భస్రావం చట్టాన్ని సవరించినప్పుడు ‘పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త’ అన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని పెట్టేరు, మరుసటేడాది సుప్రీంకోర్టు పెళ్ళి కానివాళ్ళకీ అదే హక్కుందంది. 18 నిండిన ఆడమనిషికి భర్త సంతకం ఎవరూ అడగకూడదు.

చీటీ దగ్గర నాన్నగారి పేరు చెప్పు, వైద్యానికి భర్త పేరు అక్కర్లేదు. దుర్వాసన, దురద, పొత్తికడుపులో నొప్పి, నెలసరి కాని రోజుల్లో రక్తపు చారలు, వీటిలో ఏది ఉన్నా వాయిదా వెయ్యకుండా వెళ్ళు, ఎలాగూ 30 దాటింది కాబట్టి గర్భసంచి మూతి పరీక్ష కూడా అప్పుడే అడిగి చేయించుకో. ఎవరైనా చూడకుండానే గర్భసంచి తీసెయ్యాలి అంటే మాత్రం అక్కడ ఒప్పుకోకు, కాగితాలు తీసుకుని ఇంకో డాక్టరుకి చూపించు.